బడి కప్పు కొలిస్తే.. నీళ్ల లెక్క తేలుద్ది!

కోలారు, కృష్ణగిరి, కుప్పం.. మూడూ మూడు రాష్ట్రాలవి. కష్టం మాత్రం ఒక్కటే.. నీళ్లు! ఎన్నో పల్లెల్లో బోరే దిక్కు. 'నీటిని పొదుపుగా వాడాలి' అని సైన్సు పుస్తకంలో ఉంటుంది. పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు, ఇంటికొచ్చి కారుతున్న కుళాయి కట్టడు. పాఠం చదివాడే గానీ చేసి చూడలేదు మరి.

కొండే ప్రయోగశాల
చేసి చూపించే చోటు సరిహద్దులోనే ఉంది. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రాంజీ రాఘవన్ 1999లో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌ను ప్రారంభించారు. కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాల ప్రాంగణం. ఒకప్పుడు బోడి కొండ. వాన నీటిని ఆపి, ఈ నేలకు అలవాటైన మొక్కలు పెంచడంతో పచ్చబడింది. చుట్టుపక్కల బడుల పిల్లలు వచ్చి చేత్తో ప్రయోగాలు చేస్తారు. రాలేని ఊళ్లకు ప్రయోగ సామగ్రితో వ్యాన్లు వెళ్తాయి.

అడుగు.. చెయ్.. మార్చు
'డిజైన్ థింకింగ్' అంటే పేరే పెద్దది. ఇబ్బంది పడుతున్నవాళ్లను ముందు అడగాలి. ఉపాయం ఆలోచించి చిన్న నమూనా చేయాలి. పనిచేయకపోతే విప్పి మళ్లీ చేయాలి. అంతే!

ఉదాహరణకు బడి కప్పు 100 చదరపు మీటర్లు అనుకుందాం. ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకు ఒక లీటరు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిస్తే 70 వేల లీటర్లు. ఐదో వంతు వృథా పోయినా 56 వేలు మిగులుతాయి. 200 మంది పిల్లలకు రోజుకు లీటరు చొప్పున 280 రోజులు వస్తాయి!

అసలు పాఠం ఇక్కడే మొదలు. తొట్టి ఎంత కట్టాలి? మొదటి వానకు కొట్టుకొచ్చే దుమ్మును ఎటు మళ్లించాలి? నీళ్లు తాగడానికి పనికొస్తాయా? పరీక్షించేదెట్లా? పైపు ముక్కతో పిల్లలే నమూనా చేయొచ్చు. నీటి మట్టం చూపే సెన్సార్ల వంటివాటికి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లున్నాయి. 2016లో మొదలైన ఈ పథకం కింద ఎంపికైన బడికి కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో చదివే మన పిల్లలకు ఇందులో ఇంకో మేలుంది. సమస్య గురించి అవ్వనూ తాతనూ అడగాల్సింది తెలుగులోనే. కొలత తప్పితే తొట్టి పొర్లిపోతుంది, ఏ భాషలో చదివినా!

ల్యాబ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. నిటారు గోడలున్న డబ్బా, ఒక స్కేలు ఉంటే వాన కొలవొచ్చు. ఈ వానాకాలం మీ పిల్లల చేత ఆ పని మొదలుపెట్టించండి.