ఇసుక దాచిన నీరు

పిల్లలూ! ఎండిన ఏటిలో చెలమ తీయడం మీరెప్పుడైనా చూచారా? వేసవిలో పెన్నానది చాలాచోట్ల ఇసుకమేటగా కనిపిస్తుంది. ఆ ఇసుకను చేతులతో తోడితే కొంతసేపటికి అడుగున తేటనీరు ఊరుతుంది. ముంచుకొన్నకొద్దీ మళ్ళీ ఊరుతుంది. ఏరు ఎండినా ఇసుకలో నీరు మిగిలే ఉన్నదన్నమాట.

ఆ నీరు ఎక్కడ నిలిచింది? ఒక గాజుగ్లాసులో ఇసుకను, మరొకదానిలో బంకమన్నును నింపి నీరు పోసి చూడండి. ఇసుకలో నీరు చప్పున దిగిపోతుంది. రేణువుల నడుమనున్న సందులే దానికి దారి, అవే దానికి ఇల్లు. బంకమన్నులోనూ సందులు ఉన్నాయి. కాని అవి మరీ సన్ననివి. అందులో చేరిన నీరు సులభంగా బయటికి రాదు. నల్లరాతిలో అసలు సందులే ఉండవు, పగుళ్ళలో మాత్రమే నీరు నిలుస్తుంది. అనంతపురం వంటి రాతినేలలలో ఒక బోరులో నీరు పడి, పక్కబోరు ఎండిపోవడానికి కారణం ఇదే.

నీటిని నింపుకొని, బావులకు అందించగల నేలపొరను జలపొర అంటారు. అమెరికాలోని ఒగలాలా జలపొర ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. లక్షల సంవత్సరాల పాటు నదులు రాకీ పర్వతాల నుండి ఇసుకను, గులకరాళ్ళను, మట్టిని తెచ్చి మైదానాలలో పరచాయి. ఆ మేటల సందులలో నీరు నిండింది. 1898లో డార్టన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు నెబ్రాస్కాలోని ఒగలాలా ఊరిపేరును ఈ పొరలకు పెట్టాడు. ఈ నీరు 8 రాష్ట్రాల కింద, సుమారు 4,50,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉన్నది.

1952లో ఫ్రాంక్ జైబాక్ అనే రైతు, చక్రాలపై గుండ్రంగా తిరుగుతూ పొలమంతా తడిపే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ తరువాత మొక్కజొన్న, గోధుమ, పత్తి చేలకు ఈ నీటిని విస్తారంగా తోడసాగారు.

తోడిన నీరు అన్నిచోట్లా ఒకేలా తిరిగి నిండిందా? లేదు. నెబ్రాస్కాలో పచ్చిక మొలిచిన ఇసుకదిబ్బలు విశాలంగా ఉన్నాయి. అక్కడ పడిన వాన పారిపోకుండా ఇంకుతుంది. అందుచేత ఆ రాష్ట్రంలో నీటిమట్టం సగటున అంతగా మారలేదు. టెక్సాస్‌లో వాన తక్కువ, ఎండ ఎక్కువ. పైగా చాలాచోట్ల నేల కింద సున్నం పేరుకొన్న గట్టిపొర అడ్డుగా ఉన్నది. ఏడాదికి అంగుళం నీరైనా ఇంకని చోట్లు అక్కడ ఎన్నో. అందువల్ల కొన్ని ప్రాంతాలలో మట్టం 150 అడుగులకు పైగా పడిపోయింది. కొన్ని బావులు ఎండిపోయి, రైతులు మళ్ళీ వాననే నమ్ముకొన్నారు.

కింద ఎంత ఇసుక ఉన్నదన్నది ఒక్కటే చాలదు, పైనుండి నీరు దిగే దారి కూడ ఉండాలి. చెలమ మళ్ళీ ఊరడానికి కొద్దిసేపు చాలు. టెక్సాస్‌లో ఖాళీ అయిన పొర నిండాలంటే వేల సంవత్సరాలు కావాలి.

ప్రశ్నలు

1. బంకమన్నులో నీరున్నా బావికి ఎందుకు అందదు?
2. నెబ్రాస్కా, టెక్సాస్‌ల నీటిమట్టాలలో తేడా ఎందుకు వచ్చింది?
3. మీ ఇంటిచుట్టూ ఉన్న నేల ఎటువంటిది? అక్కడ వాననీరు ఇంకుతుందా, పారిపోతుందా? చూచి రాయండి.