గట్టున సోంపు.. తోటకు తేనెటీగలు

ఆత్మకూరు: సొర, గుమ్మడి తీగలు విరగబూసినా పిందెలు పసుపెక్కి రాలిపోవడం రైతులకు, గృహిణులకు తెలిసిన బాధే. చాలాసార్లు లోపం ఎరువులో ఉండదు. ఈ తీగల్లో ఆడ, మగ పూలు వేర్వేరు. పుప్పొడి మోసే తేనెటీగ వాలనిదే కాయ నిలవదు. బోరుబావులపై ఆధారపడిన ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట పొలాల్లో గట్టున నాలుగు సాళ్లు సోంపు, రుద్రజడ వేసుకుంటే తేనెటీగలకు మేత, వంటింటికి దినుసు రెండూ సమకూరుతాయి.

వాసన ఒకటే..
సోంపుకు తియ్యని వాసననిచ్చేది అనెథోల్ అనే పదార్థం. బిర్యానీలో వేసే అనాసపువ్వులో ఉన్నదీ ఇదే. అయితే అది చైనా, వియత్నాంలలో పెరిగే చెట్టు కాయ. సబ్జా గింజలనిచ్చే రుద్రజడలోనూ కొన్ని రకాల ఆకు నలిపితే సోంపు వాసన వస్తుంది.

సాగు ఇలా..
గుజరాత్, రాజస్థాన్‌లలో విస్తారంగా పండే సోంపు శీతకాలపు పంట. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి. కనుక నీరు నిలవని ఎత్తు మళ్లలో, సాళ్ల మధ్య 2 అడుగుల ఎడంతో విత్తాలి. గింజ చేతికి రావడానికి 5 నుంచి 6 నెలలు పడుతుంది. రుద్రజడ ఎండను తట్టుకుంటుంది. తడి అందిస్తే వేసవిలోనూ పూస్తుంది.

మందుతో ముప్పు
సోంపును పేనుబంక ఆశిస్తుంది. పూత మీద పురుగుమందు చల్లితే తేనెటీగలతో పాటు పేనుబంకను తినే అక్షింతల పురుగులూ చనిపోతాయి. ఈగలు లేకుంటే సోంపు గింజా సరిగా పట్టదు. తొలిదశలోనే నీటిని బలంగా చిమ్మి పేనును కడిగేయాలి. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, సాయంత్రం వేళ వేపనూనె ద్రావణం వాడాలి.

వంటింట్లో..
లేత సోంపు ఆకును సన్నగా తరిగి పప్పులో, మసాలా వడ పిండిలో కలుపుకోవచ్చు. గింజలను సన్నని సెగపై వేయించి మాంసం కూర మసాలాలో నూరుకోవాలి. ఎక్కువగా వేయిస్తే వాసన పోతుంది. సబ్జా గింజలను నానబెట్టి నిమ్మ షర్బత్‌లో వేసుకుంటే ఎండాకాలంలో దాహం తీరుతుంది.

సోంపు గుత్తులన్నీ ఒకేసారి ముదరవు. ముదిరినవాటిని ముదిరినట్లే కోసి నీడన ఆరబెట్టుకుంటే, వెనుక విచ్చుకునే పూలు తేనెటీగలకు మిగులుతాయి.