తట్టి చూసే కొందాం... గేమ్ కన్సోలైనా సరే!

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం. పుచ్చకాయను చెవి దగ్గర పెట్టుకుని మరీ వింటాం. చీర కొనాలంటే షాపులో సగం అరలు కిందికి దింపిస్తాం. బైకైతే ఒక రౌండు వేసి వస్తే గానీ మాట ఇవ్వం. ఇంత జాగ్రత్తపడే మనం, యాభై వేలు దాటిన గేమ్ కన్సోల్‌ని మాత్రం సీలు వేసిన డబ్బాలో ఎట్లుంటే అట్ల ఇంటికి తెచ్చుకుంటున్నాం. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూడటం, ఈఎంఐ పెట్టడం... అంతే!

ఇంతకీ కొనే ముందు ఒకసారి ఆడి చూడాలా, అక్కర్లేదా? చూడాలంటే మంచిర్యాలలాంటి ఊళ్లో ఎక్కడ చూడాలి? చూశాక ఏం తెలుస్తుంది, ఏం తెలియదు? ఇంట్లో పిల్లలు 'పీఎస్5, పీఎస్5' అని అడుగుతున్న అమ్మానాన్నల కోసం, జీతం పడగానే తమ కోసమే కొనుక్కుందామనుకుంటున్న కుర్రాళ్ల కోసం ఈ లెక్కలు.

డబ్బా ధర వేరు, ఆట ధర వేరు

పీఎస్5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పుడు డిస్క్ పెట్టుకునే మోడల్ ధర 49,990 రూపాయలు. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ మోడల్ 54,990కి వచ్చింది. ఇది డబ్బా ధర మాత్రమే. ఇద్దరు కలిసి ఆడాలంటే రెండో కంట్రోలర్ కావాలి, అది ఆరు వేల చుట్టూ. పెద్ద కంపెనీల కొత్త గేమ్ ఒక్కోటి అయిదు వేల దాకా ఉంటుంది. రెండు గేములు, రెండు కంట్రోలర్లు కలిపితే బిల్లు డెబ్బై వేలు దాటుతుంది. కొన్న గేముల్ని ఆన్‌లైన్లో వేరేవాళ్లతో ఆడాలంటే చాలావాటికి ప్లస్ చందా అదనం. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకు మాత్రం ఆ చందా అక్కర్లేదు.

మన జిల్లాలో ఈ మాట ఎక్కువగా వినిపించేది దసరా ముందు. సింగరేణి లాభాల్లో వాటా ప్రకటించగానే శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి క్వార్టర్లలో ఏమేం కొనాలో లెక్కలు మొదలవుతాయి. 2025లో ఆ వాటా 34 శాతం, మొత్తం 819 కోట్ల రూపాయలు. సగటున ఒక్కో కార్మికుడికి దాదాపు లక్షా తొంభై అయిదు వేలు. అదే బాయి మీద పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చింది 5,500. అంటే ఒకరి ఇంట్లో ఆ డబ్బుతో కన్సోల్ వస్తుంది, ఇంకొకరి ఇంట్లో ఒక్క గేమ్ వస్తుంది. ఎవరి ఇంట్లో అయినా అది భూమి లోపల చెమట పోసి సంపాదించిన పైసనే. తట్టి చూడకుండా ఎందుకు ఖర్చు పెట్టాలి?

షోరూమ్‌లో పది నిమిషాలు చాలవు

హైదరాబాద్ మాల్స్‌లో కొన్ని పెద్ద షోరూముల్లో డెమో కన్సోల్ పెడతారు. చిన్న ఊళ్ల షాపుల్లో మనకు ఎక్కువగా కనిపించేది సీలు డబ్బానే. డెమో దొరికినా దాన్ని పూర్తిగా నమ్మొద్దు. అక్కడ ఉండేది 65 అంగుళాల 4కె టీవీ. గది నిండా ఏసీ. ఆడించే గేమ్ వాళ్లు ఎంచిపెట్టింది. వెనక ఇంకో నలుగురు లైన్లో ఉంటారు. ఆ పది నిమిషాల్లో ఏ గేమైనా అద్భుతంగానే ఉంటుంది.

ఆ కాస్త సమయంలో తెలిసేవి రెండే. ఒకటి, కంట్రోలర్ మీ చేతికి ఇమిడిందా? పీఎస్5 కంట్రోలర్ మీటలు ఆటను బట్టి బిగుసుకుంటాయి, అరచేతిలో సన్నగా అదురుతుంది. ఇది వీడియోలో కనిపించే సంగతి కాదు, చేతికి తెలియాల్సిందే. రెండు, మీ ఒళ్లు ఒప్పుకుంటుందా? పాత్ర కళ్లలోంచి చూస్తూ ఆడే గేముల్లో కొందరికి కళ్లు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. అది ముందే తెలిస్తే ఎలాంటి గేములు కొనకూడదో తెలుస్తుంది.

అసలు పరీక్ష మన ఇంట్లోనే

మిగతాదంతా ఇంట్లోనే తేలాలి. మొదట టీవీ. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. కన్సోల్ దానికీ పనిచేస్తుంది. కానీ మనం డబ్బు పోసిన 4కె బొమ్మ అందులో కనబడదు. మంచం మీద కూర్చుంటే తెర మీది చిన్న అక్షరాలు చదవలేక ముందుకు జరగాల్సి వస్తుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీట నొక్కిన కాసేపటికి గానీ తెర మీది మనిషి ఎగరడు.

తరువాత నెట్. ఇప్పటి పెద్ద గేములు 100 జీబీ దాటుతున్నాయి. 40 ఎంబీపీఎస్ లైన్ నిలకడగా వస్తే 100 జీబీకి అయిదున్నర గంటలు పడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో, రోజుకు 2 జీబీ ప్లాన్ మీద అయితే యాభై రోజులు! డిస్క్ కొన్నా అప్‌డేట్లు తప్పవు. ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లు డిస్క్ లేని డిజిటల్ మోడల్ జోలికి పోకపోవడమే మంచిది. పైగా డిస్కును ఆడేశాక అమ్ముకోవచ్చు, దోస్తుతో మార్చుకోవచ్చు. డిజిటల్ గేమ్‌కి ఆ దారి లేదు.

ఇక మన ఎండ. పీఎస్5తో వచ్చే సూచనల పుస్తకంలో అది పనిచేయాల్సిన వేడి 5 నుంచి 35 డిగ్రీలు అని రాసి ఉంటుంది. మే నెలలో మంచిర్యాల 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. మధ్యాహ్నం ఫ్యాన్ కింద, మూసిన టీవీ స్టాండు అరలో పెట్టి ఆడితే మిషన్ ఉడికిపోతుంది. బొగ్గు బెల్టులో దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. పీఎస్5లో దుమ్ము చేరడానికి ప్రత్యేకంగా రంధ్రాలుంటాయి, అప్పుడప్పుడు వాటిని వాక్యూమ్‌తో శుభ్రం చేసుకోవాలి. మీ ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతారో ముందే చోటు చూసుకోండి.

దోస్తులు ఎక్కడ ఆడుతున్నారు?

ఈ ప్రశ్న చాలామంది అడగరు, కానీ అన్నిటికన్నా పెద్దది ఇదే. మన పిల్లల్లో ఎక్కువమంది ఫోన్లో ఆడేది ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ. ఈ రెండూ కన్సోల్ మీద లేవు. పబ్జీ కన్సోల్‌కి ఉంది గానీ, ఫోన్లో బీజీఎంఐ ఆడే దోస్తులతో కలిసి దాన్ని ఆడలేం. అంటే 'పెద్ద తెర మీద అదే ఆట' అనుకుని కొంటే, మొదటి రోజే పిల్లాడు ఒంటరివాడైపోతాడు. వాడికి కావాల్సింది తెర కాదు, జట్టు.

కాక ఇంట్ల రెండు రోజులు

మా కాక శ్రీరాంపూర్‌లో పనిచేస్తాడు. దసరా పైసలు పడ్డాయి, తొమ్మిదో తరగతి కొడుకు పీఎస్5 అన్నాడు. కాక నాకు ఫోన్ చేశాడు: "నువ్వు సాఫ్ట్‌వేరోనివి గదా, నువ్వే చెప్పు. గిన్ని పైసలు పెట్టి కొన్నంక పోరడు నాలుగొద్దులు ఆడి మూలకు పడేస్తే ఎట్ల?"

ఫోన్లో చెబితే తేలే ముచ్చట కాదని, ఆ శనివారం నా కన్సోల్‌నే బ్యాగులో పెట్టుకుని భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రెండు రోజులు వాళ్ల ఇంట్లో, వాళ్ల టీవీకి పెట్టి వదిలేశాను. ఏ గేమ్ ఆడాలో నేను చెప్పలేదు.

తమ్ముడు మొదట అడిగింది: "అన్నా, ఇండ్ల ఫ్రీ ఫైర్ రాదా?" రాదంటే ముఖం చిన్నబోయింది. ఫుట్‌బాల్ రెండు మ్యాచులు ఆడి ఫోన్ తీసుకున్నాడు. ఆదివారం పొద్దున కాక రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాడు. ఉన్నది ఒక్కటే టీవీ, అదీ ముందు గదిలో. మధ్యాహ్నం దాకా సౌండు బంద్. రాత్రి ఏడున్నర నుంచి పిన్ని సీరియళ్లు. లెక్కేస్తే ఆ ఇంట్లో కన్సోల్‌కి దొరికేది రోజుకు గంటన్నర.

ఆ గంటన్నరను పట్టుకున్నది ఎవరూ అనుకోని మనిషి, ఏడో తరగతి చెల్లె. పీఎస్5లో ముందే ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే గేమ్ మొదలుపెట్టి కంట్రోలర్ వదల్లేదు. కాక కూడా లేచాక క్రికెట్ ఆడి, అవుటైతే మీట మీదికి నెట్టేశాడు.

ఇంత చూసినా అసలు ఫలితం ఆ రెండు రోజుల్లో రాలేదు. నేను కన్సోల్ తీసుకుని హైదరాబాద్ వచ్చేశాక వచ్చింది. తమ్ముడు దాని ఊసు మళ్లీ ఎత్తలేదు. చెల్లె మాత్రం వారం వారం ఫోన్ లాక్కుని అడుగుతోంది: "అన్నా, మల్ల ఎప్పుడు తెస్తవు?" కాక ఇంకా కొనలేదు. కొంటే బిడ్డ కోసమే కొంటాడట.

నేను చెప్పేదీ ఇదే. ఆడి చూడటం సగం పరీక్ష. తిరిగి ఇచ్చేసి రెండు వారాలు ఆగడం మిగతా సగం. ఎదురుగా ఉన్నప్పుడు అందరికీ కావాలి. లేనప్పుడు ఎవరు అడుగుతారో వాళ్లకే నిజంగా కావాలి.

ట్రయల్ చెప్పలేనివి కూడా ఉన్నాయి

ఎంత ఆడి చూసినా మిషన్ మన్నిక తెలియదు. ఎక్స్‌బాక్స్ 360 సంగతే చూడండి. ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోయే జబ్బు వచ్చి, 2007లో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచింది. అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు లెక్కేసుకుంది. దాన్ని షాపులో గంట ఆడినవాళ్లెవరికీ ఆ జబ్బు కనిపించి ఉండదు. నింటెండో స్విచ్ కంట్రోలర్లలో, మనం ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే పక్కకు జరిగిపోయే సమస్య కూడా వాడగా వాడగా బయటపడిందే.

కాబట్టి కొత్త కన్సోల్ విడుదలైన మొదటి నెలలోనే ఎగబడొద్దు. బిల్లు, వారంటీ కాగితం భద్రంగా పెట్టుకోండి. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. 'నచ్చలేదు' అంటే షాపువాళ్లు వెనక్కి తీసుకోవాలని లేదు. లోపం ఉంటే మాత్రం వినియోగదారుల చట్టం మన వైపు ఉంటుంది, జాతీయ హెల్ప్‌లైన్ 1915. అమెరికా నుంచి బావో అన్నో తెచ్చే కన్సోల్ చవకే గానీ, ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. నింటెండో అయితే మన దేశంలో అధికారికంగా అమ్మడమే లేదు, దొరికేదంతా బయటి నుంచి వచ్చిందే.

మరి ఎక్కడ ఆడి చూడాలి?

దగ్గర్లో గేమ్ జోన్ ఉంటే మొదట అక్కడికి పోండి. గంటకు వంద రూపాయలు అనుకుందాం. 55 వేలకు 550 గంటలు వస్తాయి. వారానికి రెండు గంటలు ఆడేవాడికి అది అయిదేళ్లకు పైగా సరిపోతుంది! గేములు కొనే ఖర్చు కూడా లేదు. ఈ ఒక్క లెక్కతోనే కొందరికి కొనాల్సిన పని లేదని తేలిపోతుంది.

తరువాత ఇంట్లో పరీక్ష. చుట్టాల్లో, దోస్తుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే రెండు రోజులు అడగండి. హైదరాబాద్‌లో అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. డిపాజిట్ ఎంతో, పాడైతే ఎవరి బాధ్యతో కాగితం మీద రాయించుకోండి. నెట్ బాగుంటే కన్సోల్ లేకుండానే ఆడి చూసే దారి కూడా వచ్చింది. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ 2025 నవంబరులో మన దేశంలో మొదలైంది. నెల చందా కట్టి, ఫోన్‌కో లాప్‌టాప్‌కో ఒక కంట్రోలర్ కలుపుకుంటే చాలు.

ఇంకా రాని గేమ్ కోసం మాత్రం ఇప్పుడే కన్సోల్ కొనకండి. జీటీఏ 6 మొదట 2025 అన్నారు, తరువాత 2026 మే 26 అన్నారు, ఆ తరువాత నవంబరు 19కి జరిపారు. గేమ్ వచ్చిన రోజు కూడా షాపులో కన్సోల్ ఉంటుంది. పైగా జీటీఏ పెద్దల గేమ్, తొమ్మిదో తరగతి పిల్లాడి కోసం కొనేది కాదు.

చివరిగా, డబ్బు తీసే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ అయిదింటికి జవాబులు చెప్పుకోండి:

- మన టీవీలో, మన నెట్‌తో ఆడి చూశామా?
- టీవీ రోజుకు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది?
- మొదటి ఏడాదిలో ఏ మూడు గేములు కొంటాం? వాటి ధర లెక్కేశామా?
- కలిసి ఆడే దోస్తులు కన్సోల్ మీద ఉన్నారా, ఫోన్ మీదే ఉన్నారా?
- తిరిగి ఇచ్చేసిన రెండు వారాల తరువాత కూడా ఎవరైనా అడుగుతున్నారా?

అయిదింటికీ మంచి జవాబులే వస్తే నిశ్చింతగా కొనుక్కోండి. అలసిపోయి వచ్చిన ఇంట్లో అందరూ కలిసి నవ్వుకునే గంట దొరుకుతుందంటే అది దండగ ఖర్చు కాదు. జవాబులు రాకపోతే ఆగండి. కన్సోల్ ధరలు అటూ ఇటూ అవుతాయి గానీ, డబ్బా ఎక్కడికీ పారిపోదు.