గాజుతొట్టెలోని చేపలు – ధ్వని, ప్రకంపనలు

చేపకు చెవులు పైకి కనిపించవు. అందువలన అది చెవిటి ప్రాణి అని మనలో చాలామంది అభిప్రాయం. గాజుతొట్టెలోని రంగురంగుల చేపలను చూడవచ్చిన పిల్లలు, పెద్దలు సైతం, మొట్టమొదట చేసే పని అద్దంమీద వ్రేలితో టకటక కొట్టడం. చేప చటుక్కున మళ్ళితే అది తమను గుర్తించినదని సంతోషిస్తారు. ఆ చిన్నప్రాణికి అది పలకరింపు కాదు, ప్రాణభయం. ఆ క్షణంలో దాని దేహంలో ఏమి జరుగుతున్నదో తెలిసికొనడం విద్యార్థులకు ఆసక్తికరమే గాక, తొట్టె పెట్టుకొన్న ప్రతి ఇంటికి, ప్రతి ప్రయోగశాలకు అవసరం కూడ.

చేపలు వినగలవా అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులలో చాలాకాలం వివాదాస్పదంగా ఉండేది. తేనెటీగల నృత్యభాషను విప్పి చెప్పి 1973లో నోబెల్ బహుమానం పొందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితుడే ఈ విషయంలోను చక్కని ప్రయోగం చేసినాడు. చూపు లేని ఒక చిన్న జెల్లజాతి చేపకు ఆహారం అందించేటప్పుడెల్లా ఆయన ఈల వేసేవాడు. కొన్నాళ్ళకు ఆహారం లేకున్నా ఈల వినబడగానే ఆ చేప తన గొట్టంలోనుండి బయటికి రాసాగినది. ఈ సంగతిని ఆయన 1923లో ప్రకటించినాడు. పెద్ద పరికరాలేవీ లేకుండ కేవలం ఒక ఈలతో ఇంతటి వివాదాన్ని పరిష్కరించడం నేటి విద్యార్థులు గమనింపదగిన విషయం.

చేపకు వెలుపలి చెవి లేదు గాని, కపాలం లోపల ఇరువైపుల అంతర చెవులున్నవి. ఒక్కొక్క చెవిలో సున్నపురాయి వంటి పదార్థంతో ఏర్పడిన మూడేసి కర్ణశిలలుంటవి. చేప మాంసపు సాంద్రత దాదాపు నీటి సాంద్రతకు సమానం. కనుక ధ్వనితరంగం వచ్చినప్పుడు చేప దేహమంతా నీటితోపాటే కదులుతుంది. బరువైన కర్ణశిల మాత్రం ఆ కదలికలో కొంచెం వెనుకబడుతుంది. ఆ వ్యత్యాసం వలన దాని క్రిందనున్న రోమకణాలు వంగి, నాడుల ద్వారా మెదడుకు వార్త పంపుతవి. (ఈ శిలలలో ఏటేటా వలయాలు ఏర్పడుతవి, వాటిని లెక్కించి చేప వయస్సు చెప్పవచ్చును. చేప జాతకం దాని చెవిలోనే ఉన్నదన్నమాట!)

అన్ని చేపల వినికిడి ఒకే తీరుగా ఉండదు. బంగారు చేప, మన చెరువులలోని రోహు, బొచ్చె, జెల్ల మొదలైనవాటిలో వాయుకోశానికి, అంతర చెవికి నడుమ చిన్న ఎముకల గొలుసు ఉన్నది. 1820లో దీనిని వర్ణించిన వెబెర్ పేరిట వీటికి వెబెరియన్ అస్థికలని పేరు. గాలితో నిండిన వాయుకోశం చప్పుడుకు డోలువలె కంపిస్తే, ఈ ఎముకలు ఆ కంపనాన్ని చెవికి చేరవేస్తవి. గొలుసు లేని పెక్కు చేపలు 1000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను సరిగా వినలేవు; బంగారు చేప 3000 హెర్ట్జ్ వరకు కూడ వినగలదు. అనగా మనం ఎక్కువగా ఇష్టపడి పెంచే చేపయే చప్పుడుకు ఎక్కువగా గురి అయ్యేది. గౌరామి చేపలు గాలి పీల్చుకొనే గది చెవికి సమీపంలో ఉండడం వలన వాటి వినికిడి కూడ పదునైనదే.

ఇక చేప పక్కలవెంట తలనుండి తోకవరకు సాగే పార్శ్వరేఖ మరొక జ్ఞానేంద్రియం. సమీపంలోని నీటి కదలికలను, నెమ్మదైన ప్రకంపనలను ఇది పసిగడుతుంది. అద్దంమీద కొట్టిన దెబ్బ చెవిని, పార్శ్వరేఖను ఒకేసారి తాకుతుంది. వెంటనే మెదడు వెనుకభాగంలోని మౌత్నర్ కణాలనే పెద్ద నాడీకణాల జంటలో ఒకటి ఆజ్ఞ జారీచేస్తుంది. సెకనులో కొన్ని వేయవ వంతుల కాలంలోనే చేప దేహం సగం సున్న ఆకారంలో వంగి, విల్లు విడిచిన బాణంలా దూసుకొనిపోతుంది. చెరువులో ఇది ప్రాణరక్షణ. రెండడుగుల తొట్టెలో పారిపోవడానికి చోటెక్కడ? ఎదుటి అద్దానికే ముక్కు తగులుతుంది.

ఇక్కడ భౌతికశాస్త్రం ఒక విచిత్రం చెబుతున్నది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు, నీటిలో సుమారు 1480 మీటర్లు పయనిస్తుంది. గాలిలోని ధ్వని నీటి ఉపరితలాన్ని తాకినప్పుడు దాని శక్తిలో వేయింట ఒక వంతు మాత్రమే లోనికి పోయి, తక్కినది తిరిగివస్తుంది. అందుచేత గదిలో మన సంభాషణ చేపకు పెద్ద బాధ కాదు. కాని అదే బల్లమీద పెట్టిన స్పీకరు, గోడకు ఆవలనున్న జనరేటరు, పక్కనే తిరిగే వాషింగు మెషిను ఈ అడ్డును దాటనక్కరలేదు. నేల, బల్ల, గాజు ద్వారా నేరుగా నీటిని కదిలిస్తవి. పెండ్లి ఊరేగింపులో మర్ఫా మ్రోగితే కిటికీ అద్దాలు అదరడం హైదరాబాదువారికి అనుభవమే. కిటికీని అదిరించినది తొట్టెను విడిచిపెట్టదు.

2004లో స్మిత్, కేన్, పాపర్ అనే అమెరికా పరిశోధకులు బంగారు చేపలను 160 నుండి 170 డెసిబెల్స్ ధ్వనిలో ఉంచి పరీక్షించినారు. (నీటిలోని డెసిబెల్స్ కొలతకు ఆధారం వేరు, గాలిలోని అంకెలతో వీటిని పోల్చరాదు.) 10 నిమిషాలలోనే రక్తంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ పెరిగినది, అయితే ధ్వని కొనసాగుతున్నా అది త్వరలోనే తగ్గిపోయినది. వినికిడి మాత్రం తగ్గుతూనే పోయి, 24 గంటలకు 28 డెసిబెల్స్ మేర క్షీణించినది. 21 దినాలు ధ్వనిలో గడిపిన చేపలకు వినికిడి తిరిగి కుదుటబడడానికి 14 దినాలు పట్టినది. మానవునికి చెవిలో నశించిన రోమకణాలు మరల మొలవవు, చేపకు మొలుస్తవి. ఈ ఒక్క విషయంలో చేప మనకంటె అదృష్టవంతురాలు. పైకి ప్రశాంతంగా కనిపించే చేప చెవిటిదై ఉండవచ్చునన్నది ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటె కలవరం కలిగించిన అంశం.

2011లో ప్రకటితమైన మరొక పరిశోధనలో, చప్పుడుగల తొట్టెలలో నెలరోజులున్న సముద్రగుర్రాలు బరువు తగ్గినవి. అదే ఏడు బ్రిస్టల్ పరిశోధకులు పర్సర్, రాడ్‌ఫర్డ్ స్టికిల్‌బాక్ చేపలకు కొద్దిసేపు చప్పుడు వినిపించగా, అవి ఆహారం కానిదానిని కూడ కొరకబోయి పొరపడినవి. ఇందుకు భిన్నంగా, నెలల తరబడి 150 డెసిబెల్స్ ధ్వనిలో పెరిగిన రెయిన్‌బో ట్రౌట్ చేపల ఎదుగుదలలో లోపం కనిపించలేదని 2007 నాటి ఒక పరిశోధన తెలిపినది. కనుక చప్పుడు ప్రతి చేపను చంపుతుందనడం అతిశయోక్తి. జాతిని బట్టి ఫలితం మారుతుంది.

జంతుశాస్త్ర విద్యార్థులు చేప మొప్పమూతల కదలికలను నిమిషానికి ఎన్ని అని లెక్కించి, ఉష్ణోగ్రత ప్రభావాన్ని అంచనా వేయడం పరిపాటి. భయపడిన చేప శ్వాసవేగం మారిపోతుంది. తొట్టె జనరేటరు గది గోడకు ఆనుకొని ఉంటే ఆ లెక్కలో ఉష్ణోగ్రత ఎంత, చప్పుడు ఎంత? పరికరాలకై ధనం మంజూరు చేసే పెద్దలు తొట్టె ఎక్కడ పెట్టాలన్నది కూడ ఆలోచించడం మంచిది. దానికి ఖర్చేమీ లేదు.

ఇండ్లలో చాలావరకు చప్పుడుకు కారణం గాలిపంపే. దానిని తొట్టె బల్లమీదనే పెట్టక, వేరుగా దారంతో వ్రేలాడదీయడమో, మందమైన స్పాంజిముక్కపై ఉంచడమో చేయాలి. అది నీటిమట్టానికి పైనే ఉండాలి. లేనిచో కరెంటు పోయినప్పుడు నీరు గొట్టంగుండ వెనుకకు వచ్చి పంపు చెడిపోతుంది. తొట్టె అడుగున థర్మోకోల్ పలక పరిస్తే నేలనుండి వచ్చే అదురు కొంత తగ్గుతుంది, గాజుపైన బరువు సమంగా పడుతుంది. క్రొత్త తొట్టెకు చోటు నిర్ణయించేముందు ఆ బల్లమీద వెడల్పాటి పళ్ళెంలో నీరు పోసి, ఇంటిలోని యంత్రాలన్నీ నడిపి, తలుపులు వేసి తీసి చూడవచ్చును. పళ్ళెంలోని నీటిమీద సన్నని అలలు పుడితే మరొక చోటు వెదకాలి.