విదేశయానానికి ఈ-సిమ్: దేవనహళ్లి చేరకముందే చూసుకోవలసినవి

హిందూపురం, కుప్పం, బాగేపల్లి ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి బెంగళూరు శివార్లలోని దేవనహళ్లి విమానాశ్రయమే దగ్గర. విమానం దిగగానే ఇంటికి క్షేమసమాచారం తెలిపేందుకు ప్రీపెయిడ్ ఈ-సిమ్ ఉపకరిస్తుంది. ఇది విడిగా అమర్చే సిమ్ కాదు. ఫోన్‌లోనే నిక్షిప్తమై ఉంటుంది.

ముందుగా ఫోన్‌లో *#06# నొక్కాలి. ఈఐడీ పేరిట 32 అంకెలు కనిపిస్తే సాధారణంగా ఆ సౌకర్యం ఉన్నట్లే.

ధర కన్నా ముందు పరిశీలించవలసినవి రెండు. విమానం మారే దేశంలోనూ పథకం పనిచేస్తుందా? గడువు కొన్ననాటి నుంచి లెక్కా, అక్కడి నెట్‌వర్క్ అందిన నాటి నుంచి లెక్కా? ఉద్యోగానికి వెళ్లేవారికి తొలి వారానికి సరిపడే పథకం చాలు. ఆపై అక్కడి సిమ్ తీసుకోవచ్చు.

ఇటువంటి పథకాలలో అనేకం డేటాకే పరిమితం. ఫోన్ నంబరు ఉండదు. బ్యాంకు ఓటీపీలు పాత నంబరుకే వస్తాయి. కనుక ఆ సిమ్‌ను తీసివేయరాదు. దానికి రోమింగ్ సేవ పొంది, డేటా రోమింగ్‌ను మాత్రం ఆపివేయాలి. లేకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

క్యూఆర్ కోడ్ తరచు ఒక్కసారే పనిచేస్తుంది. ఇంటివద్దనే అమర్చుకొని, తిరిగి వచ్చేవరకు తొలగించకుండా ఉండాలి.

అనుమతి లేని కారణంగా 2024 జనవరిలో కేంద్ర టెలికాం శాఖ ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను దేశంలో నిలిపివేయించింది. అనుమతి గల సంస్థ వద్ద కొనడమే క్షేమం.