చిన్న పిల్లలున్న ఇంట్లో హాలోవీన్ డెకరేషన్ ఎలా చేయాలి?

ఈరోజు హాలోవీన్ డెకరేషన్ గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా రెండు నుంచి ఐదేళ్ల పిల్లలున్న ఇళ్ల కోసం. ఇక్కడ అమెరికాలో సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, స్టోర్ల నిండా అస్థిపంజరాలు, సమాధి రాళ్లు, తెగిన చేతులు. మనకి అదంతా సరదానే. మూడేళ్ల పిల్లకి "అది బొమ్మ తల్లీ" అని ఎంత చెప్పినా, కదిలిందంటే అది నిజమే.

మా వీధిలో ఒక ఇంటి ముందు మోషన్ సెన్సర్ మంత్రగత్తె ఉంటుంది. దగ్గరికి వెళ్తే కళ్లు ఎర్రగా వెలిగి, పగలబడి నవ్వుతుంది. పోయినేడు మా చిన్నది దాన్ని చూసి నా మెడ పట్టుకుని వదల్లేదు. తర్వాత వారం రోజులు మా సొంత గుమ్మం దగ్గరికి కూడా ఒంటరిగా వెళ్లలేదు. పండగ పేరుతో పిల్ల తన ఇంటికే భయపడితే ఇంక ఏం లాభం చెప్పండి?

అందుకే మా ఇంట్లో తనంతట తాను కదిలేవి, అరిచేవి ఉండవు. ఏది వెలిగినా దాని స్విచ్ పిల్ల చేతికే ఇస్తాం. ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్... పది నిమిషాలు అదే ఆట. ఆపడం తన చేతిలో ఉందని తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది.

ఇంకోటి, బొమ్మల్ని పిల్లలతోనే చేయించండి. పాత తెల్ల పంచె ముక్కలో కాస్త దూది పెట్టి, మెడ దగ్గర దారం కట్టి, మార్కర్‌తో రెండు కళ్లు పెడితే దెయ్యం రెడీ. మా దెయ్యం పేరు బుజ్జులు. పేరు పెట్టింది మా చిన్నదే, రాత్రి దుప్పటి కప్పేదీ అదే! మా అత్తయ్యగారు ఇదంతా చూసి, "దిష్టి గుమ్మడికాయకి కోరలు, మీసాలు మనమూ వేస్తాంగా, ఇందులో కొత్తేముంది" అనేశారు. నిజమే కదా.

గుమ్మడికాయ కోసేది మాత్రం పెద్దవాళ్లే. గింజలు గరిటెతో తీసే పని పిల్లలకివ్వండి, చేతులు జిగురుజిగురుగా అవుతాయని వాళ్లకి భలే ఇష్టం. ఇంకా చిన్నవాళ్లయితే కోయకుండా పెయింట్ వేయించండి. కోసిన కాయ మా డల్లాస్ ఎండకి కొద్ది రోజుల్లోనే కుళ్లిపోతుంది, కోయనిది వారాల తరబడి ఉంటుంది.

ఇప్పుడు సీరియస్ విషయం. కాయ లోపల పెట్టే చిన్న ఎల్‌ఈడీ దీపాల్లో చాలావాటికి బటన్ బ్యాటరీలు ఉంటాయి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్నవే కొనండి. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అలాగని నిజం కొవ్వొత్తి పెడదామంటే అదీ వద్దు. జారుతూ ఉండే కాస్ట్యూమ్‌లు, ఎండుటాకులు, దూది సాలెగూళ్లు ఇట్టే అంటుకుంటాయి. మన తెలుగు ఇళ్లలో ఇంకో సంగతి ఉంది, దీపావళి కూడా అటూఇటూగా అప్పుడే వస్తుంది. 2024లో రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. అలాంటప్పుడు మెట్ల మీద ప్రమిదలు వద్దు, తలుపు కొట్టే పిల్లల బట్టలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఊగుతుంటాయి. పూజ దగ్గర వెలిగించుకోండి.

ఒక గుమ్మడికాయకి టీల్ రంగు, అంటే నెమలికంఠం లాంటి నీలం-ఆకుపచ్చ వేసి గుమ్మం ముందు పెట్టండి. "మా ఇంట్లో క్యాండీ కాకుండా చిన్న బొమ్మలు, స్టిక్కర్లు కూడా ఇస్తాం" అని దానర్థం. వేరుశనగ, పాలు పడని పిల్లల తల్లిదండ్రులు ఆ రంగు చూసి ధైర్యంగా తలుపు కొడతారు.

పండగ అయ్యాక పెయింట్ వేసినవి, కోసి పెట్టినవి వంటకి వాడకండి. పై పంప్‌కిన్ అని చిన్నవి అమ్ముతారు చూడండి, అవి రెండు ముట్టుకోకుండా పక్కన ఉంచుకోండి. బెల్లం వేసి పులుసు పెడితే అదిరిపోతుంది.