ఇంప్లాంట్: గంట పనికి ఆరు నెలల లెక్క

చిగురు కోసి, ఎముకలో రంధ్రం చేసి, టైటానియం స్క్రూ బిగించి, కుట్లు వేయడానికి ఒక పంటికి సాధారణంగా గంట పడుతుంది. తేలికైన కేసయితే అంత కూడా పట్టదు. అదే పంటితో సకినం కొరకాలంటే మాత్రం మామూలుగా 3 నుంచి 6 నెలలు ఆగాలి. ఎముక బాగా తరిగిపోయి ఉంటే ఏడాది దాకా పట్టొచ్చు. డెంటల్ ఇంప్లాంట్ కోసం వెళ్లినవాళ్లు మొదట ‘ఎంతవుతుంది?’ అంటారు, తర్వాత ‘నొప్పెడుతుందా?’ అంటారు. రెండూ అడగాల్సినవే. కానీ ఇంప్లాంట్ నిలుస్తుందా లేదా అన్నది మిల్లీమీటర్లలోనూ నెలల్లోనూ తేలుతుంది, ఆ లెక్కల గురించి అడిగేవాళ్లు తక్కువ.

ఎముక పరిమాణంతోనే మొదలుపెడదాం. పన్ను తీయించుకున్నాక అక్కడి ఎముకకు పని ఉండదు, కరగడం మొదలెడుతుంది. అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, మొదటి 6 నెలల్లో సగటున వెడల్పు 3.8 మి.మీ., ఎత్తు 1.2 మి.మీ. తగ్గుతాయి. మామూలుగా వాడే ఇంప్లాంట్ మందం 4 మి.మీ. ప్రాంతం, పొడవు 8 నుంచి 13 మి.మీ. దాని చుట్టూ కనీసం 1 మి.మీ. ఎముక మిగలాలి కాబట్టి వెడల్పు 6 మి.మీ. అయినా ఉండాలి. పన్ను తీసేనాటికి 9 మి.మీ. ఉన్న చోట ఆరు నెలలయ్యేసరికి 5.2 మిగిలిందనుకోండి, ఇక నేరుగా ఇంప్లాంట్ వేయడం కష్టం. ఎముక పొడి పెట్టి వెడల్పు పెంచాలి, అది గట్టిపడే దాకా మరికొన్ని నెలలు ఆగాలి. ‘లోపలి పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది’ అని ఏళ్ల తరబడి వాయిదా వేసినవాళ్లకు బిల్లు పెరిగేది ఇక్కడే.

అందుకే ముందు సీబీసీటీ అనే స్కాన్ తీస్తారు. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది కానీ మందం తెలియదు. కింది దవడలో పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఒకటి ఎముక లోపలి నుంచే పోతుంది. ఇంప్లాంట్ కొసకూ ఆ నరానికీ మధ్య 2 మి.మీ. ఖాళీ వదలడం అందరూ పాటించే జాగ్రత్త. పై దవడ వెనక భాగంలో నరంతో పేచీ లేదు కానీ ఎముక మీదే సైనస్ గాలి గది ఉంటుంది. అక్కడ ఎముక ఎత్తు 4, 5 మి.మీ.కు పడిపోతే ఆ గది అడుగు పొరను పైకి లేపి కింద ఎముక పొడి నింపుతారు. దీన్నే సైనస్ లిఫ్ట్ అంటారు. పక్క పంటికి 1.5 మి.మీ., పక్క ఇంప్లాంట్‌కు 3 మి.మీ. దూరం ఉండాలన్నది మరో నియమం. స్కాన్ తెర మీద ఈ కొలతలు గీసి చూపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

డాక్టర్ మిమ్మల్ని అడిగే లెక్కలూ కొన్ని ఉంటాయి. మధుమేహం ఉన్నవాళ్లు మూడు నెలల సగటు చక్కెర చూపే హెచ్‌బీఏ1సీ రిపోర్టు తీసుకెళ్లాలి. 7 లోపు ఉంటే మంచిది, 8 దాటితే ముందు చక్కెర అదుపులోకి తెచ్చుకుని రమ్మనే డాక్టర్లే ఎక్కువ. పొగతాగేవాళ్లలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం తాగనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్ మాత్రలో, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షనో తీసుకున్నవాళ్లు, ఆ సంగతి పంటికి సంబంధం లేనిదిగా అనిపించినా, తప్పకుండా చెప్పాలి. ఆ మందుల తర్వాత దవడ ఎముక గాయం మానడమే కష్టం కావచ్చు.

ఇక ఆపరేషన్ రోజు. ఇంతకుముందు పన్ను తీయించుకున్నవాళ్లకు కొత్తగా అనిపించేది పెద్దగా ఏమీ ఉండదు. అదే లిగ్నోకైన్ మత్తు ఇంజెక్షన్. ఇన్ఫెక్షన్ రాకుండా గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది, కాబట్టి పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి. డ్రిల్లు తిరుగుతుంటే దవడంతా అదురుతుంది, నొప్పి మాత్రం తెలియదు. నోట్లో ఆగకుండా సెలైన్ నీళ్లు పడుతూనే ఉంటాయి, విసుగొస్తుంది. ఆ నీళ్లకు కారణం 47 అనే అంకె. ఎముక ఒక్క నిమిషం పాటు 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నా దెబ్బతింటుందని 1980లలో స్వీడన్ పరిశోధకులు చూపించారు. కాలిన ఎముక ఇంప్లాంట్‌ను పట్టుకోదు. సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి ఒక్కో సైజూ పెంచుతూ పోవడం కూడా కొంత ఇందుకే.

మత్తు దిగాక వచ్చే నొప్పి చాలామందికి పారాసిటమాల్‌కో ఐబుప్రొఫెన్‌కో లొంగుతుంది. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. కుట్లు 7 నుంచి 10 రోజుల్లో తీస్తారు. అందాకా ఇడ్లీ, పెరుగన్నం, చల్లారిన జావ. ఆవకాయకు సెలవు.

నెలల తరబడి ఆగడం ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1952లో స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ ఎలా సాగుతుందో చూడటానికి టైటానియం పరికరం ఒకటి అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అది ఊడిరాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోథెన్‌బర్గ్‌లో తొలిసారి ఒక మనిషి దవడలో ఆయన టైటానియం ఇంప్లాంట్లు వేశాడు. ఆ రోగి 2006లో చనిపోయే దాకా, అంటే 40 ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. అప్పట్లో ఇంప్లాంట్‌ను చిగురు కింద కప్పేసి కింది దవడకు 3 నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకు 6 నెలలు ఆగేవారు. ఇప్పటి ఇంప్లాంట్ల ఉపరితలం నున్నగా కాక గరుకుగా ఉంటుంది. ఎముక త్వరగా పట్టుకుంటుంది కాబట్టి మంచి ఎముకలో 6 నుంచి 8 వారాలకే క్యాప్ వేసే వీలుంది.

బిగించిన రోజున ఇంప్లాంట్ కదలదు. గోడలో దించిన మేకులాగా, స్క్రూ మరల ఒరిపిడితోనే గట్టిగా నిలబడుతుంది. తర్వాతి వారాల్లో శరీరం మరల చుట్టూ నలిగిన పాత ఎముకను తొలగించి కొత్తది కడుతుంది. పాతది పోయి, కొత్తది ఇంకా గట్టిపడని ఆ మధ్యకాలం సుమారు 3, 4 వారాల దగ్గర వస్తుంది. ఇంప్లాంట్ పట్టు అన్నిటికన్నా తక్కువగా ఉండేది అప్పుడే. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ వేళకే నొప్పి పోతుంది, వాపు పోతుంది, నోరు మామూలుగా అయిపోయిందనిపిస్తుంది, చేయి చేగోడీల డబ్బా మీదికి పోతుంది. ఆ దశలో ఇంప్లాంట్ 150 మైక్రాన్లకు మించి, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు, పదేపదే కదిలితే చుట్టూ ఎముకకు బదులు మెత్తటి కండ పెరుగుతుంది. ఇక దాన్ని తీసేయాల్సిందే.

మరి ‘ఒక్క రోజులో పళ్లు’ అనే బోర్డుల సంగతి? అబద్ధం కాదు, సగం నిజం. బిగించేటప్పుడు 35 న్యూటన్ సెంటీమీటర్ల పట్టు దొరికితే అదే రోజు తాత్కాలిక పన్ను పెట్టొచ్చు. మొత్తం పళ్లు పోయినవాళ్లకు నాలుగు ఇంప్లాంట్ల మీద ఒక వరుస నిలబెట్టే పద్ధతి 1990ల చివరి నుంచీ ఉంది. అయితే ఆ రోజు పెట్టేవి సాధారణంగా తాత్కాలికమైనవే. వాటితో కొన్ని నెలలు మెత్తటి తిండే తినాలి. బోర్డు మీద ఆ ముక్క కనిపించదు.

క్యాప్ వేశాక ఒక తేడా గమనిస్తారు. సహజమైన పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మి.మీ. మందాన మెత్తటి పొర ఉంటుంది. అన్నంలో రాయి తగలగానే నోరు టక్కున ఆగేది ఆ పొరలోని నరాల వల్లే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. ఎంత బలంగా కొరుకుతున్నామో సరిగ్గా తెలియదు, అందుకే క్యాప్ ఎత్తు సరిచూడటంలో డాక్టర్ రంగు కాగితం కొరికిస్తూ తెగ తంటాలు పడతారు. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంటే పడుకునేటప్పుడు పెట్టుకునే గార్డు చేయించుకోవాలి.

పదేళ్ల తర్వాత కూడా దాదాపు 95 శాతం ఇంప్లాంట్లు నోట్లో ఉంటాయని దీర్ఘకాలిక అధ్యయనాలు చెబుతున్నాయి. క్లినిక్‌లు గర్వంగా చెప్పే అంకె ఇది, చెప్పుకోదగ్గదే. కాకపోతే నోట్లో ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఇంప్లాంట్ వేయించుకున్నవారిలో సుమారు 22 శాతం మందికి చుట్టూ ఉన్న ఎముకను తినేసే ఇన్ఫెక్షన్ ఉంది. మొదట్లో నొప్పి ఉండదు, బ్రష్ చేస్తే రక్తం కనిపిస్తుందంతే. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. ఆరు నెలలకోసారి శుభ్రం చేయించుకోవడం, పళ్ల సందుల బ్రష్ వాడటం ఖర్చులో భాగమే అనుకోవాలి.

రూపాయల సంగతి చివరికి వచ్చింది. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో ఒక పంటికి క్యాప్‌తో కలిపి సుమారు 20,000 నుంచి 60,000 రూపాయల దాకా చెబుతారు. కంపెనీని బట్టి, క్యాప్ రకాన్ని బట్టి తేడా. స్కాన్, ఎముక పొడి, సైనస్ లిఫ్ట్ అందులో కలిశాయో లేదో ముందే కాగితం మీద రాయించుకోవాలి. ప్రమాదంలో పళ్లు పోతే తప్ప చాలా ఆరోగ్య బీమా పాలసీలు దీనికి డబ్బివ్వవు. అమెరికాలో ఇదే పని 3,000 నుంచి 6,000 డాలర్లు కాబట్టి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చేయించుకునే ప్రవాసులు చాలామందే. మూడు వారాల సెలవులో ఇంప్లాంట్ బిగించడం దాకా అవుతుంది. క్యాప్‌కు మరో టికెట్ కొనుక్కోవాలి, లేదా అక్కడి డాక్టర్ ఒప్పుకోవాలి.

ఆయన ఒప్పుకోవాలన్నా, ఎనిమిదేళ్ల తర్వాత క్యాప్ స్క్రూ వదులై ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా, మొదట కావాల్సింది ఇంప్లాంట్ కంపెనీ పేరు, మోడల్, మందం, పొడవు, లాట్ నంబరు. ఇంప్లాంట్ డబ్బా మీద ఇవన్నీ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, దాన్ని మీ ఫైల్‌లో అతికించి ఇమ్మని అడగండి. ఒక కంపెనీ స్క్రూడ్రైవర్ ఇంకో కంపెనీ స్క్రూకు చాలాసార్లు పట్టదు. స్టిక్కర్ లేకపోతే కొత్త డాక్టర్ ఎక్స్‌రేలో ఆకారం చూసి అది ఏ కంపెనీదో పోల్చుకోవాల్సి వస్తుంది.